మణెమ్మ పాటలో చిటచిట ఎక్కడిది?

పదవీ విరమణకు పద్నాలుగు నెలలు ఉందనగా, ఒక జూన్ మొదటి సోమవారం నాడు నేను మొయినాబాద్ యూనిట్‌లో సీనియర్ ఇంజినీర్‌గా చేరాను. పల్లె పాటలను, మాటలను రికార్డు చేసి భద్రపరిచే ఒక ప్రభుత్వ సంస్థలో మాది ధ్వని విభాగం. ప్రధాన కార్యాలయం నగరంలో ఉండేది. మొయినాబాద్‌లో ఉన్నది రోడ్డు పక్క కిరాయి ఇల్లు: కింద కోళ్ల దాణా దుకాణం, పైన మా మూడు గదులు. రిటైరయ్యే ముందు అక్కడికి వేయడాన్ని మా వాళ్లు పక్కన పెట్టడంగానే లెక్కగట్టారు. నా ఇల్లు చేవెళ్లలో. మెహిదీపట్నం బస్సు ఎక్కితే అరగంటలో ఆఫీసు. అందుకని నాకు ఆ బదిలీ మీద ఫిర్యాదేమీ లేదు.

యూనిట్‌లో నాతో కలిపి ముగ్గురం. సీనియర్ టెక్నీషియన్ యాదయ్యది శంకర్‌పల్లి. ఇరవై ఏళ్ల సర్వీసు. యంత్రాన్ని చేత్తో తట్టి దాని జబ్బు చెప్పగల మనిషి. రెండోవాడు ప్రభాకర్, ఊళ్లు తిరిగి రికార్డింగులు చేసేవాడు. వయసు నలభై దాటింది, కానీ ఉద్యోగం మాత్రం కాంట్రాక్టుదే, ఏడాదికోసారి పొడిగించేవారు. చేవెళ్ల మండలంలోని ఒక క్రైస్తవ కుటుంబం వాళ్లది. తండ్రి చర్చిలో హార్మోనియం వాయించేవాడట. ఆ పెట్టె పక్కన కూర్చుని పెరిగినందుకో ఏమో, శ్రుతి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ప్రభాకర్ ముఖం చిట్లించేవాడు.

మా పని ఏమిటో కాస్త చెప్పాలి. ధ్వనిని కంప్యూటర్ గీతలాగా దాచదు. సెకనుకు కొన్ని వేల సార్లు దాని ఎత్తును కొలిచి, ఆ కొలతలను అంకెలుగా రాసుకుంటుంది. సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తున్నామో అది శాంపిల్ రేటు. కొలిచే స్కేలు మీద గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో అది బిట్ డెప్త్. ప్రభాకర్ రికార్డు చేసుకొచ్చే మూల ప్రతి, అంటే మాస్టర్, సెకనుకు తొంభై ఆరు వేల కొలతలతో, ఇరవై నాలుగు బిట్లతో ఉండేది. గ్రంథాలయాలకు, బడులకు పంపే ప్రతి నలభై నాలుగు వేల ఒక వంద కొలతలు, పదహారు బిట్లు. ఆ పెద్ద ప్రతి నుంచి ఈ చిన్న ప్రతిని తయారు చేయడమే మొయినాబాద్ యూనిట్ పని. సాఫ్ట్‌వేర్ చేస్తుంది, మనిషి సరిచూస్తాడు. చూసి నాణ్యత రిజిస్టరులో సంతకం పెట్టేది నేను.

నేను చేరేనాటికి మూడు వందల పైచిలుకు పాటలు వరుసలో ఉన్నాయి. వాటిలో పద్నాలుగు కనకమామిడికి చెందిన మణెమ్మవి. నాట్లప్పుడు, కలుపు తీసేటప్పుడు పాడే పాటలు అవి. ఆమె ఎత్తుకుంటుంది, వెనక ఆరుగురు ఆడవాళ్లు అందుకుంటారు. చప్పట్లు, మధ్య మధ్య ఇత్తడి తాళాలు. పై స్థాయిలో ఆమె గొంతు తీగలాగా సాగేది. రికార్డింగ్ జరిగిన మరుసటి ఏడాది ఆమెకు గొంతు దగ్గర ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి వచ్చాక మాట బాగానే వచ్చింది గానీ, పై స్థాయి మళ్లీ రాలేదు. ఆమె పాటలన్నిటికీ ఇక ఆ పద్నాలుగే ఆధారం.

ఆగస్టులో మొదటి విడత ప్రతులు సిద్ధమయ్యాయి. చేవెళ్లలో గ్రంథాలయం హాలులో ఒక మధ్యాహ్నం చిన్న సభ పెట్టాం. పాడినవాళ్లను పిలిచి వాళ్ల పాటలు వాళ్లకే వినిపించాలని ప్రభాకర్ ఆలోచన. మా డిప్యూటీ డైరెక్టర్ విఠల్‌రావు గారు నగరం నుంచి వచ్చారు. మణెమ్మ, ఆమెతో పాడిన నలుగురు ముందు వరుసలో కూర్చున్నారు. యాదయ్య మణెమ్మ పాట పెట్టాడు.

మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో తాళాలు అందుకుని, ఆమె గొంతు పైకి లేచేసరికి పాట వెంట ఏదో గరగర మొదలైంది. తాళం పడిన ప్రతిసారీ చిటచిటమని శబ్దం. స్పీకరు తీగ వదులైందనుకుని యాదయ్య పరుగెత్తాడు. తీగ బిగించాడు, స్పీకరు మార్చాడు. శబ్దం అలాగే ఉంది.

మణెమ్మ చెయ్యెత్తి ఆపమంది.

"గిది నా గొంతు కాదు," అంది. "నూనెల వడియాలేసినట్టు చిటచిటమంటున్నది. నేను గిట్ల పాడలే. ప్రభాకరూ, ఆ దినం నువ్వు వినిపించినప్పుడు గిట్ల లేకుండె గద బిడ్డా?"

ప్రభాకర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "లేకుండె అవ్వా," అన్నాడు. ఆ ప్రతి సరిగ్గా ఉందని రిజిస్టరులో సంతకం పెట్టింది నేను. మాకున్న పద్ధతి ప్రకారం పాటకు మొదట అర నిమిషం, చివర అర నిమిషం విని, మధ్యలో ధ్వని ఎత్తు చూపే మీటరును చూస్తాం. చిటచిట ఉన్నది ఆ మధ్యలో.

మూడో రోజుకు ప్రధాన కార్యాలయం నుంచి విఠల్‌రావు గారి సంతకంతో నోట్ వచ్చింది. క్షేత్ర రికార్డింగ్‌లో లెవల్, అంటే ధ్వని తీవ్రత, అతిగా పెట్టడం వల్ల ధ్వని చెడిపోయిందని, ఆ పద్నాలుగు పాటలను పంపిణీ నుంచి తీసివేసి లోపభూయిష్ట జాబితాలో చేర్చాలని దానిలో ఉంది. ఆ జాబితాలోకి వెళ్లినవాటిని నెలాఖరున కమిటీ చూసి, సర్వరులో చోటు కోసం మాస్టర్లతో సహా తొలగిస్తుంది. దానికి పన్నెండు రోజులుంది. కింద మరో వాక్యం: క్షేత్ర రికార్డిస్టు కాంట్రాక్టు పొడిగింపును సిఫారసు చేయడం లేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఒక పూట నేను కూడా ప్రభాకర్‌నే అనుమానించాను. ఆ రోజు ఉదయం, పంపిణీకి తయారైన ప్రతిని తెరిచి, లెవల్ మూడు డెసిబెల్‌లు తగ్గించి విన్నాను. చిటచిట చిన్నదైంది, అంతే, పోలేదు. అంటే దెబ్బ పాతదే, రికార్డింగ్‌లోనే పడి ఉంటుందనుకున్నాను. అతన్ని పిలిచి, "తాళాలు ఉన్నప్పుడు లెవల్ జాగ్రత్తగా చూసుకోవాల్సింది కదా" అన్నాను.

అతను వెళ్లి తన లాగ్ బుక్ తెచ్చాడు. ప్రతి రికార్డింగ్‌కు మైకు ఏది, దూరం ఎంత, గాలి ఎట్లా ఉంది, లెవల్ ఎంత అని రాసుకునే పుస్తకం అది. కనకమామిడి పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. తన చేతిరాతలో ఉంది: "తాళాలు శాన గట్టిగున్నయి. పన్నెండు కిందికి పెట్టిన."

"మేడం," అన్నాడు, "లెవల్ తక్కువ పెడుతున్నవని నాకు మెమో ఇచ్చింది ఈ హెడ్డాఫీసోళ్లే. ఇప్పుడేమో ఎక్కువ పెట్టినవంటున్నరు. రెండిట్ల ఏది నమ్మాలె నేను?"

అతని గొంతులో కోపం కంటే విసుగు ఎక్కువ ఉంది. నాకు మాత్రం ఆ ప్రశ్న సరిగ్గా తగలవలసిన చోట తగిలింది.

డిజిటల్ లెక్కలో సున్నా డెసిబెల్ అంటే నిశ్శబ్దం కాదు, పైకప్పు. అంతకు మించిన ఎత్తును రాయడానికి అంకె ఉండదు. అందుకని లెవల్‌లన్నీ సున్నాకు ఎంత కింద అని చెబుతాం. ప్రభాకర్ పన్నెండు కింద పెట్టాడంటే, హఠాత్తుగా పెద్ద శబ్దం వచ్చినా తల తగలకుండా పైన అంత చోటు వదిలాడన్నమాట. కప్పును దాటబోయిన ధ్వని ఆ అంచు దగ్గర కోసేసినట్టు చదునైపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం. ఒకటి రెండు చోట్ల తెగితే చెవికి తెలియదు. గుత్తులు గుత్తులుగా తెగితే చిటచిట. పన్నెండు కింద ఉన్న ధ్వనికి తల ఎట్లా తెగుతుంది?

యాదయ్యను పిలిచి ఆ పద్నాలుగు పాటలకు మార్పిడి తరవాత మీటరు ఎంత చూపిందో రిజిస్టరు చూసి చెప్పమన్నాను.

"అన్నీ మంచిగనే ఉన్నయి మేడం," అన్నాడు యాదయ్య. "ఒక్కటి గూడ సున్నా దాటలే. సున్నా కాడికొచ్చి ఆగినయి."

"పద్నాలుగూ సున్నా దగ్గరేనా?"

"పద్నాలుగూ సున్నానే."

చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోయాడు. ఏడుగురు ఆడవాళ్లు చేను గట్టు మీద నిలబడి వేరు వేరు పాటలు పాడితే, పద్నాలుగు పాటలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోటికి వచ్చి ఆగవు. ఏదో ఆపితేనే ఆగుతాయి. కప్పు దాటినదాన్ని ఫైలు రాసుకోలేదు కాబట్టి మీటరు కూడా దాన్ని చూపలేదు. అది చూసి అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టాను.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని పాట నడిచిన దారిని చివరి నుంచి మొదటికి వెతికాం. చివరి ప్రతిని తెర మీద బాగా పెద్దది చేసి చూస్తే, తాళం పడిన చోటల్లా ధ్వని గీత కొడవలితో కోసిన గడ్డిలాగా చదునుగా ఉంది. మాస్టర్ తెరిచాం. అదే చోట గీత గుండ్రంగా, ఏ గాయమూ లేకుండా, కప్పుకు చాలా కింద ఉంది. ప్రభాకర్ కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. నేను అతని వైపు తిరిగి, పొద్దున అన్న మాట పొరపాటని చెప్పాను. అతను తల ఊపి, "ఇంక నడుమ ఏం జరిగిందో చూద్దాం మేడం," అన్నాడు.

నడుమ మూడు అడుగులున్నాయి. లెవల్ తక్కువగా ఉంటోందన్న ఫిర్యాదులొచ్చాక ప్రధాన కార్యాలయం మా పద్ధతి పత్రంలో ఒక అడుగు చేర్చింది: మార్పిడికి ముందే ప్రతి పాటనూ పూర్తిగా పైకెత్తి, దాని శిఖరం సున్నాను ముట్టేలా చేయాలి. ఇది మొదటి అడుగు. తరవాత పదహారు బిట్లకు కుదించాలి. ఆఖరున శాంపిల్ రేటు మార్చాలి.

పైకెత్తినంత మాత్రాన ఏమీ చెడలేదు. ఆ అడుగు తరవాత కూడా గీత గుండ్రంగానే ఉంది, కాకపోతే తల సరిగ్గా కప్పుకు ఆనింది. చెడింది ఆఖరి అడుగులో. అసలు ధ్వని గీత రెండు కొలతల మధ్య నుంచి కూడా వెళుతుంది. కొలిచిన చోట్లు కప్పు లోపలే ఉన్నా, వాటి మధ్యన దాని నిజమైన శిఖరం కప్పుకు పైన ఉండవచ్చు. రేటు మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ కొత్త చోట్ల కొలతలు లెక్కగడుతుంది. అవి నేరుగా ఆ శిఖరం మీద పడవచ్చు. పైగా రేటు తగ్గుతున్నప్పుడు, కొత్త రేటు మోయలేని అతి సన్నని ధ్వనులను వడపోత తీసేస్తుంది. తాళాల్లో, చప్పట్లలో ఉన్నవే అవి. తీసేస్తే ధ్వని తగ్గాలి కదా అనిపిస్తుంది గానీ, గీత ఆకారం మారి కొన్ని చోట్ల శిఖరం ఇంకా పైకి లేస్తుంది. పైన చోటు వదిలి ఉంటే ఇదేమీ సమస్య కాదు. ప్రభాకర్ వదిలిన చోటునంతా మేమే ముందుగా నింపేశాం.

సాయంత్రం విఠల్‌రావు గారికి ఫోన్ చేశాను. ఆయన చెడ్డ మనిషి కాదు. పరిపాలన వైపు నుంచి వచ్చినవారు, గీతలు, వడపోతలు ఆయనకు పట్టవు.

"మేడం, గ్రాఫులు నాకు సమజ్ కావు, కమిటీకి అసలే కావు," అన్నారు. "చెవికి తెలిసేటట్టు చూపెట్టండి. శుక్రవారం నేనే వస్త. ఇంకో మాట, మీరు ఇదంతా రాసి పెడితే క్వాలిటీ సంతకం ఎవరిదన్న ప్రశ్న వస్తది. రిటైర్మెంట్ ముంగట మీకెందుకీ లొల్లి?"

"రానీయండి సార్," అన్నాను. "సంతకం నాదే."

శుక్రవారానికి మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ, నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ లేనంత ఇష్టంగా పనిచేశాం. మాకు కావలసింది గ్రాఫు లేని రుజువు. చివరికి అది చాలా తేలికగా దొరికింది. చిటచిట మాస్టర్‌లోనే ఉంటే, ఆ మాస్టర్‌ను ఎంత తగ్గించి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చినా అది వెంటే వస్తుంది. మార్పిడిలో పుట్టి ఉంటే, ముందు చోటు వదిలి ఇచ్చినప్పుడు రాకూడదు. నేను మొదటి రోజు చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. తెగిన తరవాత తగ్గించాను. తెగక ముందు తగ్గించాలి.

మణెమ్మ పాటను పైకెత్తకుండా, పాత సాఫ్ట్‌వేర్‌లోనే, పాత క్రమంలోనే మార్చి చూశాం. చిటచిట లేదు. యాదయ్య బల్ల మీద చేత్తో కొట్టి, "ఇగ అయిపోయింది, అన్నీ గిట్లనే చేసి పంపుదాం," అన్నాడు. కానీ ప్రభాకర్ హెడ్‌ఫోన్లు తీయలేదు. పాట చివర మణెమ్మ గొంతు సన్నగిల్లి హమ్మింగ్‌లోకి దిగే చోటును మూడుసార్లు విన్నాడు. "ఇక్కడ ఇసుక తగులుతున్నది మేడం," అన్నాడు. నేను రెండుసార్లు వింటే గాని నాకు తెలియలేదు.

అతను చెప్పింది నిజమే. పెద్ద శబ్దానికి కప్పు ఎట్లాగో, చిన్న శబ్దానికి నేల అట్లాగే. ఇరవై నాలుగు బిట్ల సన్నని స్కేలును పదహారుకు కుదిస్తే గీతల మధ్య ఎడం పెరుగుతుంది. మెత్తటి ధ్వని ఆ మెట్ల మీద తడబడుతూ నడుస్తుంది, చెవికి గరుకుగా తగులుతుంది. దానికి మందు డిథర్: కుదించే ముందు వినపడీ వినపడనంత హోరును కలుపుతారు, అప్పుడు ఆ మెట్లు చెరిగిపోతాయి. మా పత్రంలో డిథర్ మాటే లేదు. కుదించడం మధ్యలో పెట్టి, ఆ తరవాత రేటు మార్చడం మరో తప్పు. మార్పిడి మళ్లీ అంకెలను తిరగరాస్తుంది, మళ్లీ కుదింపు జరుగుతుంది.

కాబట్టి క్రమాన్నే మార్చాం. మాస్టర్‌ను ఎత్తకుండా, దించకుండా తీసుకుని, ముందు ముప్పై రెండు బిట్ల ఫ్లోట్ అనే లెక్కలోకి తెస్తాం. ఆ లెక్కలో ధ్వని సున్నాను దాటినా తెగదు, తరవాత కిందికి దించుకోవచ్చు. అక్కడే రేటు మారుస్తాం. అప్పుడు మామూలు మీటరుతో కాకుండా, కొలతల మధ్యన ఉన్న అసలు శిఖరాన్ని కూడా లెక్కగట్టే ట్రూ పీక్ మీటరుతో కొలుస్తాం. పద్నాలుగు పాటల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం సున్నాకు ఒక డెసిబెల్ కింద ఉండేలా, అన్నిటికీ కలిపి ఒకే పెంపు ఇస్తాం. డిథర్ కలిపి, పదహారుకు కుదించడం అన్నిటికంటే చివర. ఆ తరవాత ఫైలును ఎవరూ ముట్టకూడదు.

శుక్రవారం పదకొండింటికి విఠల్‌రావు గారు వచ్చారు. మణెమ్మను కనకమామిడి నుంచి ప్రభాకర్ తన బండి మీద తీసుకొచ్చాడు. దాణా దుకాణం పక్కన మెట్లు ఎక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా కూర్చుని, ఆమె మా గదిలోని తీగలన్నీ పరిశీలనగా చూసింది. "గిన్ని తీగలు పెట్టుకోని గూడ వడియాలే వేయించిన్రా?" అంది. విఠల్‌రావు గారు కూడా నవ్వారు.

ఒకే పాటకు మూడు ప్రతులు సిద్ధంగా ఉంచాం. మూడూ ఒకే స్థాయిలో వినిపించేలా యాదయ్య స్పీకరు దగ్గర సరిచేశాడు, ఎందుకంటే పెద్దగా వినిపించేది చెవికి మంచిదిలా అనిపిస్తుంది. ఏది ఏదో ముందు చెప్పలేదు. మొదటిది చేవెళ్లలో వినిపించిన పాత ప్రతి. చిటచిట రాగానే విఠల్‌రావు గారు చాలన్నారు. రెండోది పెట్టాం. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తాళాలు వచ్చాయి, గొంతు పైకి లేచింది, పాట సాఫీగా సాగింది.

"దీంట్ల లేదు గదా," అన్నారు. "ఇది వేరే రికార్డింగా?"

"అదే మాస్టర్ సార్. అదే సాఫ్ట్‌వేర్. ముందు పైకెత్తకుండా ఇచ్చాం, అంతే తేడా. లోపం రికార్డింగ్‌లో ఉంటే ఇందులో కూడా వినపడాలి."

ఆయన ప్రభాకర్ వైపు చూసి, "ఆ లాగ్ బుక్ ఒకసారి ఇవ్వు," అన్నారు. ఆ పేజీ రెండుసార్లు చదివి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

మూడోది కొత్త క్రమంలో చేసిన ప్రతి. మణెమ్మకు హెడ్‌ఫోన్లు పెట్టాం. ఆమె మొదట ఆ బరువుకు తల వంచుకుంది, తరవాత కదలకుండా కూర్చుంది. రెండో చరణం మధ్యలో ఉన్నట్టుండి ఆమె చెయ్యి నా మణికట్టు మీద పడింది.

"చెల్లే, ఆపు. జర ఎనుకకు పెట్టు."

వెనక్కి జరిపి పెట్టాను.

"ఇగో, ఇక్కడ. మా లచ్చవ్వ పదం మరిచింది. మరిచి నవ్వు ఆపుకుంటున్నది. ముక్కుల కెళ్లి గుర్రుమన్నది చూడు!"

లచ్చవ్వ ఆమె తోటికోడలు. రికార్డింగ్‌లో వెనక వరుసలో పాడింది. మణెమ్మకు ఆపరేషన్ అయిన ఏడాదే లచ్చవ్వ పోయింది. చేవెళ్ల ప్రతిలో ఆ నవ్వు ఉన్న చోట తాళాల చిటచిట తప్ప ఇంకేమీ లేదు. నేను హెడ్‌ఫోన్లలో ఒక చెవి ఆనించి విన్నాను. తాళానికి, తాళానికి మధ్య ఒక ఆడమనిషి నవ్వును మింగడం స్పష్టంగా వినిపించింది. మణెమ్మ దాన్ని అయిదుసార్లు పెట్టించుకుంది. అయిదోసారి అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, "ఇది నా గొంతు," అంది. "ఇది పంపున్రి."

విఠల్‌రావు గారు ఆ సాయంత్రమే నోట్ ఉపసంహరించుకున్నారు. పద్నాలుగు పాటలూ జాబితా నుంచి బయటికొచ్చాయి, మాస్టర్లు నిలిచాయి. ప్రభాకర్ కాంట్రాక్టు పొడిగింపు కాగితం మరుసటి వారం వచ్చింది. దానితో పాటు పాత మెమో రద్దయినట్టు రెండు పంక్తుల ఉత్తరం. అతను ఆ ఉత్తరాన్ని లాగ్ బుక్‌లో కనకమామిడి పేజీ దగ్గరే అంటించాడు.

నేను రాసిన నివేదికలో మొదటి పేరా నా గురించే. పాట మొత్తం వినకుండా సంతకం చేశాననీ, మీటరు సున్నా దగ్గర ఆగడాన్ని తప్పుగా చదివాననీ రాశాను. దానికి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. హెచ్చరిక ఒకటి నా సర్వీసు పుస్తకంలో చేరింది. ముప్పై ఏళ్లకు పైగా శుభ్రంగా ఉన్న పుస్తకం అది. ఆ హెచ్చరికను చూసి సిగ్గుపడ్డానని చెబితే అబద్ధమవుతుంది. అది లేకుండా ఆ నివేదిక నిలబడేది కాదు.

తరవాత మిగిలిన పాటలన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా విన్నాం. మరికొన్నిటిలో కూడా తలలు తెగి ఉన్నాయి. తాళాలు, డప్పులు, చప్పట్లు ఉన్నవే ఎక్కువ. సంక్షిప్తంగా చెబితే, చలికాలం అయ్యేసరికి ఆ మూడు వందల పాటలనూ కొత్త క్రమంలో మళ్లీ తయారు చేశాం. కొత్త పద్ధతి పత్రం నేను రాశాను. దానిలోని పదాలు టెక్నీషియన్‌కు అర్థమయ్యేదాకా యాదయ్య కొట్టివేయిస్తూనే ఉన్నాడు. పాట మొత్తం వినాలన్న నియమం ప్రభాకర్ చేర్పించాడు. ఆ పత్రం ఒక పేజీ. నేను రిటైరయ్యేనాటికి మా సంస్థ యూనిట్లన్నిటిలో అదే అమల్లో ఉంది, ఇప్పటికీ ఉందని విన్నాను. నా ఉద్యోగ జీవితంలో పెద్ద పెద్ద స్టూడియోలు కట్టించాను, రెండు ప్రశంసా పత్రాలు అందుకున్నాను. ఏం సాధించావని ఎవరైనా అడిగితే మాత్రం ఆ ఒక్క పేజీనే చూపుతాను.

ఈ సంగతి నాకు నేర్పినవి రెండు. ఒకటి పనికి సంబంధించింది: ధ్వనిని మార్చేటప్పుడు ముందు పైన చోటు వదలాలి, రేటు తరవాత, బిట్లు అన్నిటికంటే ఆఖరున. రెండోది, తప్పు దొరికినప్పుడు దాన్ని మొదట ముట్టిన మనిషి దగ్గరికి పరుగెత్తకూడదు. పని నడిచిన దారిలో చివరి అడుగు నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి వెళ్లాలి. ఆ దారిలో మన సంతకం ఎదురైతే, దాన్ని కూడా మిగతా వాటిలాగే ఆగి పరీక్షించాలి.